వంటింటి బల్ల మన చేతులతోనే

ఇవాళ మీతో వంటల గురించి కాదు, వంటింట్లో వేసుకునే బల్ల గురించి నాలుగు మాటలు చెబుదామని వచ్చాను. బల్ల కొనుక్కోవడం గురించి కాదు సుమా, చేసుకోవడం గురించి! "ఇదేం విడ్డూరం, వడ్రంగం ఆడవాళ్ళు చేసే పనా?" అని మీలో కొందరు ముక్కున వేలేసుకుంటారని నాకు తెలుసు. మొదట మా ఇంట్లోనూ అదే జరిగింది.

అసలు ఈ బల్ల గొడవ ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. మా అమ్మ కాలంలో వంటిల్లంటే అంతా నేలమీద వ్యవహారం. కత్తిపీట మీద కూచుని కూరలు తరిగేది. పొయ్యి ముందు పీట వేసుకుని వండేది. ఆ పొగ, ఆ వంగడం మళ్ళీ రావాలని నేననడంలేదు. కానీ కాళ్ళకు మాత్రం కాస్త విశ్రాంతి ఉండేది. తరవాత మన ఇళ్ళలోకి గ్యాసు పొయ్యి వచ్చింది, గట్టు వచ్చింది, మనం లేచి నిలబడ్డాం. నిలబడ్డవాళ్ళం మళ్ళీ కూచోలేదు! ఒకరోజు ఊరికే లెక్క వేసుకున్నాను. కూరలు తరగడం, బియ్యంలో రాళ్ళేరడం, చిక్కుళ్ళు ఒలవడం, చపాతీలు వత్తడం, ఇవన్నీ శుభ్రంగా కూచుని చేసుకోదగ్గ పనులే. నేను అన్నీ నిలబడే చేస్తున్నాను. సాయంత్రానికి పిక్కలు లాగేస్తున్నాయంటే లాగవూ మరి?

ఇక భోజనాల సంగతి చెప్పనక్కర్లేదు. పిల్లలు టీవీ ముందు, మావారు హాల్లో, మోకాళ్ళ నొప్పులతో కింద కూచోలేని మా అత్తగారు మంచం మీద పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని. అందరివీ అయ్యాక నేను, గట్టుకు ఆనుకుని నిలబడి, గిన్నెల అడుగున మిగిలింది ఊడ్చుకుని. ఒక రాత్రి ఆవిడ మంచినీళ్ళకని వంటింట్లోకి వచ్చి, నన్నలా చూసి, "నువ్వు కూచుని అన్నం తినగా నేను చూసి ఎన్నాళ్ళయిందే?" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇంకో చిన్న సంగతి. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కొత్తగా కట్టే ఇళ్ళకోసం ఒక వంటింటి నమూనా తయారుచేశారు. చేసినావిడ మార్గరెటె ష్యుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా దేశపు ఆర్కిటెక్టు. ఇవాళ మన అపార్టుమెంట్లలో గట్టు, అల్మారాలు, అన్నీ చేతికందేలా అమర్చిన వంటిల్లు ఉందే, దానికి ఆ నమూనాను ఆదిగా చెబుతారు. అందులో ఆవిడ కిటికీ కింద పని చేసుకునే బల్ల, దాని ముందు గుండ్రంగా తిరిగే స్టూలు పెట్టింది. గట్టు, అల్మారాలు మనదాకా వచ్చాయి. స్టూలే దారిలో ఎక్కడో జారిపోయింది!

సరే, బల్ల కావాలి. కొందామంటే షాపులో ఉన్నవన్నీ ఆరుగురు కూచునేవి. మా వంటింట్లో పెడితే మేమంతా బయట నిలబడాలి. వడ్రంగి మేస్త్రీని పిలిస్తే ఆయన వచ్చి చూసి, "ఇంత చిన్న పనికి రెండ్రోజులు పోతాయమ్మా, వచ్చే నెల చూద్దాం" అన్నాడు. ఆ వచ్చే నెల మూడుసార్లు వచ్చి వెళ్ళిపోయింది. అప్పుడు "పోనీ నేనే చేస్తే?" అన్నాను. మావారు నవ్వారు. మేస్త్రీ నవ్వలేదు. "చేయొచ్చమ్మా, బల్లయితే చేయొచ్చు. కుర్చీ జోలికి మాత్రం పోకండి" అన్నాడు. ఆ మాటలో ఎంత అనుభవం ఉందో నాకు తరవాత తెలిసొచ్చింది.

పని రానివాళ్ళు సామాను చేసుకోవడం వింతేం కాదు. ఇటలీలో ఎంజో మారీ అని పేరుమోసిన డిజైనరు ఉండేవాడు, 2020లో పోయాడు. ఆయన 1974లో బల్లలు, కుర్చీలు, మంచం, అల్మారా ఇలా పంతొమ్మిది రకాల సామానుకి నమూనాలు గీసి, పోస్టు ఖర్చులు పంపితే చాలు ఎవరికైనా ఇస్తానన్నాడు. అన్నీ మామూలు పలకలు, మేకులతో అయిపోయేవే. చేతులతో ఒకసారి చేసి చూస్తే, మంచి సామాను ఏదో చెడ్డది ఏదో మనిషికి తెలిసొస్తుందని ఆయన వాదం. నేను ఆయన బొమ్మల్ని చేయలేదు గానీ, ఆ సంగతి తెలిశాక కాస్త ధైర్యం వచ్చింది.

ఇక అసలు పనిలోకి వద్దాం. రంపం పట్టేముందు కాగితం పట్టాలి. పాత న్యూస్‌పేపర్లు అంటించి, మీరు అనుకున్న బల్ల సైజులో కత్తిరించి, వంటింట్లో నేలమీద పరిచి రెండ్రోజులు దాని చుట్టూ తిరగండి. నేను మొదట నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు అనుకున్నాను. కాగితం పరిచాక చూస్తే ఫ్రిజ్ తలుపు తెరవడానికి కాగితం తొక్కాల్సి వస్తోంది. మనిషి నడవడానికి రెండున్నర అడుగుల దారి, స్టూలు వెనక్కి లాక్కోవడానికి రెండడుగులైనా ఉండాలి కదా. తగ్గించి తగ్గించి 42 అంగుళాలు, 24 అంగుళాల దగ్గర ఆగాను. పళ్ళెం, మోచేతులు ఇరుక్కోకుండా ఒక మనిషికి 24 అంగుళాల జాగా కావాలి. అంటే నా బల్ల ఒక పొడుగు వైపు గోడకు ఆనుకుంటే, అటొకరు, ఇటొకరు, ముందొకరు, మొత్తం ముగ్గురు. ఐదుగురూ కూచోవాలంటే కాస్త ముందుకి లాక్కుని పిల్లలిద్దర్నీ గోడ వైపు దూర్చేయడమే.

ఎత్తు దగ్గర మాత్రం తొందరపడకండి. షాపులో బల్లలు సాధారణంగా 30 అంగుళాలు, కుర్చీలు 18 అంగుళాల ఎత్తుంటాయి. అవి చెప్పులేసుకుని కూచునే పొడుగు మనుషుల కొలతలు. మనం ఇంట్లో ఒట్టి కాళ్ళతో తిరుగుతాం, మనలో చాలామందిమి ఐదడుగులకు అటూ ఇటూ. అంచేత ఆ కుర్చీలో కూచుంటే పాదాలు నేలకు ఆనవు, తొడల కింద అంచు ఒత్తుకుంటుంది. మీకు సరిపోయే ఎత్తు తెలుసుకోడానికి ఒక సులువైన మార్గం చెబుతాను. పాత వారపత్రికలు దొంతరగా పేర్చి దానిమీద కూచోండి. (ఎడిటరుగారు ఏమీ అనుకోకూడదు.) పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆని, తొడలు నేలకు సమంగా ఉండేదాకా పత్రికలు వేస్తూనో తీస్తూనో పోండి. అదే మీ స్టూలు ఎత్తు. నాకు 16 అంగుళాలొచ్చింది. దానికి పదకొండు, పన్నెండు అంగుళాలు కలిపితే బల్ల ఎత్తు. నేను 28 పెట్టుకున్నాను. చపాతీలు వత్తేటప్పుడు భుజాలు ఎగరేయకుండా చేతులు కిందికి ఆనుతాయి, ఆ తేడా మొదటి రోజే తెలిసింది.

ఇప్పుడు కర్ర. టేకు మంచిదే, కానీ నేర్చుకునేవాళ్ళం టేకు మీద తప్పులు చేయడం ఖరీదైన వ్యవహారం. పైభాగానికి నేను ప్లైవుడ్ తీసుకున్నాను. వంటింట్లో తడి తగులుతుంది కాబట్టి మామూలు రకం పనికిరాదు. మీద ఐ.ఎస్. 710 అని ముద్ర ఉన్నది అడగండి. మందం ముప్పావు అంగుళం. ఎనిమిదడుగులు, నాలుగడుగుల షీటు ఒకటి తెస్తే బల్ల పైభాగం, మూడు స్టూళ్ళు వచ్చి ఇంకా మిగులుతుంది. కాళ్ళకు, పట్టీలకు మాత్రం గట్టి కర్రే కావాలి. టింబరు డిపోలో బేరానికి దిగేముందు కర్ర కోసిన కొస చూడండి. మధ్యలో ముదురు రంగుదే చేవ. అంచున లేతగా ఉండేది తెల్లచెక్క, పురుగు ముందు పట్టేది దాన్నే. పచ్చి కర్ర కూడా వద్దు. ఇంటికొచ్చాక ఆరి, వంకర తిరిగి, మనల్ని చూసి వెక్కిరిస్తుంది. ఎత్తి చూస్తే ఎండిన కర్ర కంటే పచ్చిది బరువుంటుంది. ఇంకో మాట, కోతలన్నీ అక్కడే మిషను మీద కోయించి, చిత్రిక పట్టించి తెచ్చుకోండి. సూటిగా కోయడం నేర్చుకునేసరికి మనకు ఏడాది పడుతుంది. కొలతలు కాగితం మీద రాసి ఇవ్వండి, నోటిమాటగా చెబితే నాలుగు కాళ్ళలో ఒకటి పొట్టిదవుతుంది.

నా కొలతలివి. కాళ్ళు నాలుగు, రెండంగుళాల చదరం, పొడవు 27¼. పైన ముప్పావు అంగుళం ప్లైవుడ్ వస్తే 28 అవుతుంది. పట్టీలు మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం. 39 అంగుళాలవి రెండు, 19 అంగుళాలవి రెండు. పొడుగు పట్టీల మధ్యలో పొట్టి పట్టీలు పెడితే 39కి 21 డబ్బా చట్రం తయారవుతుంది. కాళ్ళు ఆ చట్రం లోపలి మూలల్లో నిలబడతాయి. బల్ల పైభాగం చుట్టూరా అంగుళంన్నర బయటికి వస్తుంది.

పెద్ద వడ్రంగులు ఈ పని ఇలా చేయరు. ఒక కర్ర చివర నాలుకలాగా చెక్కి, రెండో కర్రలో బెజ్జం తొలిచి, అందులో దిగగొడతారు. దాన్ని కుసి అంటారు. అది వందేళ్ళు నిలుస్తుంది, కానీ మనకు రాదు. అంచేత బోల్టులు. పావు అంగుళం లావు, మూడున్నర అంగుళాల పొడవున్నవి పన్నెండు, వాటికి వాషర్లు, నట్లు. ఒక్కో కాలికి పొడుగు పట్టీ వైపునుంచి రెండు, పొట్టి పట్టీ వైపునుంచి ఒకటి. పొడుగు వైపువి పట్టీ పైఅంచు నుంచి ముప్పావు అంగుళం దగ్గరొకటి, రెండుంబావు దగ్గరొకటి. పొట్టి వైపుది సరిగ్గా మధ్యలో, అంగుళంన్నర దగ్గర. ఎందుకంటే రెండు వైపులవీ ఒకే ఎత్తులో పెడితే కాలు లోపల ఢీకొంటాయి. బోల్టులకు జిగురు పెట్టకండి. అద్దె ఇళ్ళవాళ్ళం, రేపు ఇల్లు మారితే నట్లు విప్పి బల్లను చంకలో పెట్టుకుని పోవచ్చు.

డ్రిల్లు మిషను కొనక్కర్లేదు, తెలిసినవాళ్ళ దగ్గర అరువు తెచ్చుకోవచ్చు. దాన్ని పట్టేముందు కొంగు బొడ్లో దోపుకోండి, చున్నీ అయితే తీసేయండి, జడ పైకి ముడేసుకోండి, గాజులు తీసి పక్కన పెట్టండి. చేతికి తొడుగులు వేసుకుంటే మంచిదనుకోవద్దు. తిరిగే బర్మాకి తొడుగు చిక్కుకుంటే వేలితో సహా లాగుతుంది. కళ్ళకు మాత్రం అద్దాలుండాలి.

చట్రం బిగించేటప్పుడు నట్లు పూర్తిగా బిగించకుండా ముందు మూలలు సరిచూడాలి. దీనికి మూలమట్టం లేకపోయినా ఫరవాలేదు. టేపు తీసి ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలవండి, తరవాత రెండో జత మూలలకు కొలవండి. రెండూ ఒకటే అయితే చట్రం చదరంగా ఉన్నట్టు. నా చట్రానికి 44¼ అంగుళాలకు ఒక వెంట్రుకవాసి ఎక్కువ రావాలి. మొదటిసారి కొలిస్తే అటు 44, ఇటు 44½ వచ్చింది. ఎక్కువ వచ్చిన మూలను పట్టుకుని మెల్లగా లోపలికి తోస్తే దారికొచ్చింది. అప్పుడు నట్లు బిగించాను.

ఇక నా ఘనకార్యం చెబుతాను వినండి. పైభాగాన్ని చట్రానికి బిగించడానికి లోపలివైపు చిన్న ఇనప మూలలు పెట్టి, కిందనుంచి స్క్రూలు వేయాలి. పలక మందం ముప్పావు అంగుళం కదా, స్క్రూ అరంగుళం మించి దిగకూడదు. నేను చేతికందిన స్క్రూ వేసి, ఇంకా బిగుస్తోంది బాగుంది అనుకుంటూ తిప్పేశాను. లేచి చూస్తే నా నున్నటి బల్ల నడిమధ్యన సూదిలాంటి మొన తొంగిచూస్తోంది! ఏడుపొచ్చిందంటే నమ్మండి. లక్కపిండిలాంటి దాంతో కప్పెట్టాను గానీ మచ్చ ఉండిపోయింది.

పైభాగానికి ప్లైవుడ్ కాకుండా అసలు కర్ర పలకలు వేయదలచుకున్నవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కర్ర వానాకాలం తేమ పీల్చి వెడల్పులో ఉబ్బుతుంది, ఎండాకాలం మళ్ళీ లాక్కుంటుంది. పొడవులో దాదాపు మార్పుండదు. మీ ఇంటి తలుపులు వానల్లో పట్టేసేది ఇందుకే. పలకను కదలకుండా బిగించేస్తే ఒక ఎండాకాలం "ఫట్" మని పగులుతుంది. అంచేత స్క్రూలకు గుండ్రటి బెజ్జం కాకుండా, వెడల్పు దిక్కుగా కోలగా ఉండే బెజ్జం పెట్టాలి. ప్లైవుడ్‌లో పొరలు ఒకదానికొకటి అడ్డంగా అంటించి ఉంటాయి కాబట్టి ఈ బాధ చాలా తక్కువ.

నిలబెట్టాక బల్ల ఊగింది. ఊగుతుంది, అందరిదీ ఊగుతుంది. ఇక్కడే మావారు రంపం తీసుకుని రంగంలోకి దిగారు. ఈ కాలు కొంచెం, ఆ కాలు కొంచెం. రెండు పిల్లులకు రొట్టె పంచిన కోతి కథ మీకు తెలుసుగా? ఇంకో గంట వదిలేస్తే నాకు బల్ల బదులు పీట మిగిలేది. అసలు చేయవలసింది ఇది. ముందు బల్లను ఇంకో చోటికి జరిపి చూడండి, తప్పు నేలదే కావచ్చు. అక్కడా ఊగితే, నేల సమంగా ఉన్నచోట పెట్టి, పొట్టి కాలి కింద అట్టముక్కలు దోపి కదలకుండా చేయండి. ఒక పలచటి చెక్కముక్క మీద పెన్సిలు ఆనించి, నాలుగు కాళ్ళ చుట్టూ ఒకే ఎత్తులో గీత గీయండి. ఆ గీత మీద నాలుగూ ఒక్కసారే కోయాలి. మూడు కాళ్ళ స్టూలుకు ఈ బెడదే లేదు, ఎలాంటి నేలమీదయినా కదలకుండా కూచుంటుంది. కానీ పక్కకు వాలితే తిరగబడుతుంది, పిల్లలున్న ఇంట్లో వద్దు.

స్టూళ్ళు తేలిక. పైచెక్క 16కి 12 అంగుళాలు, రెండు పక్కచెక్కలు 15¼కి 11, వాటి మధ్య పైచెక్క కిందుగా నాలుగంగుళాల పట్టీ ఒకటి. ఆ పట్టీ లేకపోతే స్టూలు అటూ ఇటూ ఒరుగుతుంది, మరచిపోకండి. పక్కచెక్కల అడుగున మధ్యలో కొంచెం తొలిపించేస్తే నాలుగు పాదాలొస్తాయి. ప్లైవుడ్ అంచులోకి నేరుగా స్క్రూ వేస్తే పొరలు విచ్చుకుంటాయి. అందుకని మూలల్లో అంగుళం చదరపు కర్రముక్కలు జిగురుతో పెట్టి, వాటిలోకి స్క్రూలు వేయాలి. ప్రతి స్క్రూకు ముందు సన్నటి బెజ్జం వేసుకోండి. మనం స్టూలు మీద ఒక కాలు మడిచి పెట్టుకుని కూచునేవాళ్ళం, 12 అంగుళాలు చాలదనిపిస్తే 14 చేసుకోండి.

కుర్చీ సంగతి మేస్త్రీ చెప్పిందే నిజం. పైగా నేను వినలేదు. ఒకటి చేసి చూశాను. మావారు భోంచేసి హాయిగా వెనక్కి వాలేసరికి కిర్రుమంది. కుర్చీలో బలమంతా వెనక కాలికీ పక్క పట్టీకీ కలిసే అతుకు మీద పడుతుంది. మనిషి వాలిన ప్రతిసారీ ఆ అతుకును విరగదీస్తున్నట్టే. అక్కడ బోల్టులు చాలవు, కుసి కావాల్సిందే. మా అత్తగారికేమో వీపుకు ఆనువు ఉన్న కుర్చీయే కావాలి. ఆఖరికి ఆ ఒక్కటీ మేస్త్రీ చేతే చేయించాను, కొలతలు మాత్రం నావి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు సీటు కొంచెం ఎత్తుగా ఉంటే లేవడం తేలిక. కాబట్టి 18 అంగుళాలు పెట్టించి, కాళ్ళ కింద చిన్న పీట వేశాను. చేతులు పట్టుకు లేవడానికి ఆసరాగా కావాలి, కానీ పూర్తి పొడవుంటే బల్ల పట్టీకి తగిలి కుర్చీ లోపలికి జరగదు. సగం దాకానే పెట్టించాను. మేస్త్రీ ఆ కొలతల కాగితం చూసి, "ఇది ఎవరు రాశారమ్మా?" అని అడిగాడు. అంతకన్నా మెచ్చుకోలు నాకక్కర్లేదు.

పైపూతల గురించి క్లుప్తంగా. ఒట్టి చెక్క మీద పసుపు పడితే తుడిస్తే పోదు, ఎండలో పెడితే కొంత వెలుస్తుంది గానీ బల్లను రోజూ డాబా మీదికి మోయలేం కదా. పైన సన్‌మైకా అంటించుకుంటే నిశ్చింత. తెల్ల జిగురుతో అంటించి, పైన బియ్యం డబ్బాలు బరువు పెట్టి ఒక రోజు వదిలేయండి. ఘాటు వాసన వచ్చే రబ్బరు జిగురు వాడితే కిటికీలు తెరిచి, పొయ్యి ఆర్పి, వంటింటికి దూరంగా చేయండి. అది మంటను ఇట్టే అందుకుంటుంది. అంచులకు కూడా పట్టీ అంటించాలి, నీళ్ళు చేరేది అక్కడినుంచే. కాళ్ళకు అవిసె నూనె రాసేవాళ్ళు, రాసిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పారేయకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండలో ఆ వేడి పోయే దారి లేక గుడ్డ తనంతట తానే అంటుకోవచ్చు. విప్పి ఆరేయండి, లేదా నీళ్ళలో తడిపి పారేయండి.

మొదటి వానాకాలం పోయాక నట్లన్నీ ఒకసారి బిగించుకోవాలి, కర్ర సర్దుకుంటుంది. మా బల్ల నట్లు మొన్ననే బిగించాను. ఇప్పుడు రాత్రి ఎనిమిదింటికి ఐదుగురం ఒకేసారి కూచుంటున్నాం. స్క్రూ మొన తొంగిచూసిన మచ్చ మీద నేను రోజూ పప్పుగిన్నె పెడతాను. మా అత్తగారు రోజూ దాన్ని పక్కకు జరిపి, వచ్చినవాళ్ళకు ఆ మచ్చ చూపిస్తారు.